నట్టు కట్టిన గంట

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి వరండాలో కుర్చీలో వాలి ఉండగా, మేడ మీద ఒక గంట మోగింది. గుడి గంట కాదు. గుడి గంట మోగాక ఒక తీపి మిగులుతుంది, కాసేపు గాలిలో నిలుస్తుంది. ఇది ఇత్తడికి ఉక్కు తగిలి, చెప్పబోయిన మాటను సగంలో మింగేసినట్టు ఆగిపోయే చప్పుడు. నా ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిది పోవడానికి చెప్పులు వేసుకుని కూర్చుంది. అయినా ఆ చప్పుడుకు లేచి నిలబడ్డాను. అట్లా మోగే గంట లోకంలో ఒకటే ఉండేది. దాని నాలుక ఊడిపోతే, బెంగళూరు పీణ్యలో నేను పనిచేసిన కార్ఖానా నుంచి జేబులో వేసుకొచ్చిన నట్టును తీగతో లోపల కట్టింది నేనే.

గంట వెనకాలే డ్రమ్ములు, వాటి వెనక గిటార్లు, వాటన్నిటి మీద కోపంగా ఒక ఆడగొంతు. మెట్లెక్కి తలుపు కొట్టాను. మేడ మీద అద్దెకుండేది హారిక అనే నెల్లూరు పిల్ల. ఏదో కంపెనీలో కంప్యూటర్ పని.

"సారీ తాతగారూ, సౌండ్ ఎక్కువైందా? తగ్గిస్తానుండండి."

"తగ్గించొద్దమ్మా, పెంచు. ఎవరివి ఈ పాటలు?"

"అదే ఎవరికీ తెలీదు. పవర్ కట్ అని నలుగురు అమ్మాయిల రాక్ బ్యాండ్, మన బెంగళూరే. నైంటీస్‌లో 'వాటర్ లారీ' అని ఒక్క ఆల్బమ్ చేసి మాయమైపోయారు. సండే బజార్‌లో ఎవరికో పాత క్యాసెట్ దొరికితే నెట్‌లో పెట్టారు. మొదట్లో ఆ గంట ఉంది చూశారా, అదేంటో తెలీక కింద కామెంట్స్‌లో అందరూ కొట్టుకుంటున్నారు. ఒకడు ఆవు గంట అంటాడు, ఒకడు స్టీలు గ్లాసు అంటాడు."

"ఆ గంట కొట్టింది నేనే," అన్నాను.

డెబ్బై దాటినవాడి వంక ఒక పడుచుపిల్ల అంతలేసి కళ్ళు చేసుకుని చూడటం రోజూ జరిగేది కాదు. అందుకని ఇంకొంచెం వడ్డించాను. అది రికార్డు చేసిన స్టూడియోలో చీఫ్ సౌండ్ ఇంజనీరు నేనేనన్నాను. ఆ పిల్లలకు తాళం నేర్పింది కూడా దాదాపు నేనేనన్నాను. సాయంత్రానికి హారిక ఆ పాట కింద 'గంట: ఆంజనప్ప' అని రాసేసింది. ఎవరెవరో చప్పట్ల బొమ్మలు పెట్టారు. రెండు రోజులపాటు పాల బూత్‌కు వెళ్ళినా పెళ్ళికొడుకులా నడిచాను.

మూడో రోజు నడక మామూలైపోయింది. నేను ఇంజనీరును కాను. పీణ్యలో లేత్ మిషను మీద పనిచేసి, కార్ఖానా మూతపడ్డాక, నలభై దాటిన వయసులో ఆ స్టూడియోలో చేరి వైర్లు చుట్టాను, ఫ్యూజులు మార్చాను, పాడేవాళ్ళకు వేడినీళ్ళు అందించాను. ఆ గంట కొట్టింది నాగరత్నమ్మ. ఆవిడను చూసినవాళ్ళు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు కాబట్టి చెప్పవలసిన పని నా మీద పడింది.

బళేపేటలో హార్మోనియంలు, మృదంగాలు అమ్మే ఒక అంగడి పైన ఉండేది ఆ స్టూడియో. పెట్టినది ఆవిడ భర్త. ఆయన గుండె ఆగి పోయేనాటికి, పక్కన కూర్చుని చూసీ చూసీ ఆవిడకు ఆ టేపు మిషను ఆయనకంటే బాగా తెలుసునట. 'ఆయనకంటే' అన్నది నా మాట. ఆవిడ ఎప్పుడూ అనలేదు. దాని చక్రం ఒకటి అరిగిపోతే లేత్ మీద కొత్తది తీసి పట్టుకెళ్ళాను నేను. బిగించాక ఆవిడ ఒక తంబూరా టేపు పెట్టి, తీగ మోగి ఆగేచోట చూపుడువేలు పైకెత్తింది.

"అయిపోతానే చెప్పు," అంది.

నేను వెంటనే "అయిపోయిందమ్మా" అన్నాను. ఆవిడ వేలు దించలేదు. చాలాసేపటికి, నేను ఇబ్బంది పడి గోడల వంక చూడటం మొదలుపెట్టాక, అప్పుడు దించింది.

"పాట నిలిస్తానే నోరు తెరిస్తే ఎట్లప్పా? దాని తోక ఇంకా లోపలే ఉండాది. అది పొయ్యేదాకా సుమ్మనే ఉండాల."

"మిషన్ల కాడ ఒక చెవి ఇచ్చేసి వచ్చినానమ్మా."

"ఇంకొకటి ఉండాది కదా. రెండు ఉండేవోళ్ళు ఏం వింటాండారు?"

అట్లా కుదిరింది నా ఉద్యోగం. ఏళ్ళ తరబడి ఆ వేలు చూస్తూ పనిచేశాను. ఎంత చెడ్డ పాటగాడు పాడినా, తోక పోయేదాకా ఆవిడ వేలు దించేది కాదు. "బాగుంది", "బాగలేదు" అన్న మాట ఆ తరువాతే. మనిషి మాట్లాడి ఆపినప్పుడు కూడా ఆవిడ అంతే. నేను అబద్ధం చెప్పి ఊరుకుంటే ఆవిడ కూడా ఊరుకునేది. ఆ నిశ్శబ్దంలో నా అబద్ధానికి నాకే ఊపిరాడక నిజం బయటికొచ్చేది. ఇప్పటికీ నా అబద్ధాలు చాలావరకు మూడు రోజులకు మించి బతకవు. అది ఆవిడ నేర్పిన జబ్బు.

మా స్టూడియోలో ఒక ఆచారం ఉండేది. ఏ రికార్డింగ్ అయినా మొదలయ్యే ముందు మిషనుకు, మైకులకు కర్పూర హారతి ఇచ్చి గంట కొట్టాలి. ఆయన పెట్టిన ఆచారం. ఆయన పోయాక మిషను ముందర ఆవిడ కూర్చుంది గానీ, హారతి పళ్ళెం మాత్రం ఆవిడ చేతికి రాలేదు. మాకు వచ్చేవన్నీ భక్తి క్యాసెట్లు. కొత్త పని మొదలుపెట్టే వేళకు భర్త పోయిన ఆడమనిషి హారతి ఎత్తితే పాడేవాళ్ళు ఒప్పుకుంటారా? ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నేను పళ్ళెం ఎత్తుతాను, ఆవిడ టేపు మిషను ఉండే అద్దం వెనక గదిలో నిలబడి దణ్ణం పెట్టుకుంటుంది. తన గంటకు, తన హారతికి, అద్దం అవతల నుంచి.

ఆ నలుగురు పిల్లలు వచ్చింది ఒక ఎండాకాలం మధ్యాహ్నం. పెద్ద స్టూడియోల వాళ్ళు ఆ గోల తమకు వద్దన్నారట. జీన్స్ ప్యాంట్లు, చెదిరిన జుట్టు. డ్రమ్ములు మెట్ల మీద నుంచి మోసుకొచ్చేసరికి కింద అంగడివాడు ఇల్లు ఖాళీ చేస్తున్నారా అని అడిగాడు. డ్రమ్ములు వాయించే పిల్ల పేరు పుష్ప. ఆనేకల్ నుంచి వచ్చింది, మగ్గం ఇంటి పిల్ల. నాన్న లేడు, అమ్మే పట్టుచీరలు నేస్తుంది. మిగిలిన ముగ్గురూ ఇంగ్లీషులో అరుచుకుంటుంటే ఈ పిల్ల ఒక్కతే మా తెలుగు మాట్లాడేది.

మైకులు సరిచూడటానికి నాగరత్నమ్మ టేపు తిప్పి వదిలింది. నేను కర్పూరం వెలిగించి, ఒక చేత్తో పళ్ళెం, ఒక చేత్తో గంట పట్టుకున్నాను. పుష్ప డ్రమ్ముల వెనక నుంచి అడిగింది.

"అన్నా, స్టూడియో ఎవురిది?"

"అమ్మదే."

"మరి అమ్మ ఏంటికి ఆడ నిలబడుకోనుండాది?"

"అది అంతేమ్మా. నువ్వు వాయించే పని చూసుకో."

"మాయమ్మా అంతే," అంది ఆ పిల్ల. గొంతు పెంచలేదు. "పెండ్లి చీర నేసేదంతా మాయమ్మ. పెండ్లిలో మాత్రం వాకిలెనక నిలబడుకుంటాది. చీరకు లేని దోషం మనిషికి ఏడనుంచి వచ్చిందో."

మైకులన్నీ తెరిచే ఉన్నాయి కాబట్టి ఆ మాట అద్దం అవతల హెడ్‌ఫోన్లలో నా చెవికంటే బాగా వినిపించి ఉంటుంది. గది తలుపు తెరుచుకుంది. టేపు ఆపకుండా ఆవిడ ఎన్నడూ లేచి ఎరగదు. ఆ రోజు లేచింది. వచ్చి నా చేతిలో గంట తీసుకుంది. నేను ఇవ్వలేదని, ఆవిడే లాక్కుందని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఆవిడ చెయ్యి చాచింది, నా చెయ్యి ఇచ్చేసింది.

మొదట మెల్లిగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు కొట్టింది. నట్టు ఒకపక్క తగిలి ఒకపక్క తగల్లేదు. తరువాత పళ్ళెం కూడా అందుకుని, అద్దం వెనకున్న మిషను వైపు తిరిగి గట్టిగా కొట్టసాగింది. ఒక లెక్క కుదిరింది. పుష్ప ఆ లెక్కను కాలితో పట్టుకుంది, పెద్ద డ్రమ్ము మగ్గంలా ఆడింది. గిటార్లు వచ్చి చేరాయి. నాగరత్నమ్మ గంట ఆపి, పళ్ళెం నా చేతిలో పెట్టి, పరుగులాంటి నడకతో అద్దం వెనక్కి వెళ్ళింది. పాట నీళ్ళ లారీ కోసం బిందెలతో నిలబడిన ఆడవాళ్ళ గురించి. అంతా అయ్యాక వేలు పైకెత్తింది. నలుగురు పిల్లలూ అంతసేపు ఊపిరి బిగబట్టి ఉండటం నేను మళ్ళీ చూడలేదు. వేలు దించాక ఆవిడ అన్నది ఒకటే.

"దీన్ని మళ్ళా చేసేది వద్దు. గంట కాడ నుంచి ఉంచుతాను."

క్యాసెట్ బయటికొచ్చింది. పుష్ప ఒకటి తెచ్చి ఇచ్చింది, మొహం చిన్నబుచ్చుకుని. అట్ట మీద రికార్డింగ్ అన్నచోట నాగరత్నమ్మ పేరు లేదు. చనిపోయిన ఆయన పేరు ఉంది. క్యాసెట్ కంపెనీవాళ్ళు పాత అలవాటు కొద్దీ అదే అచ్చేశారు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, నవ్వింది.

"చూసినావా ఆంజనప్పా. ఆయన పైనుంచి దిగొచ్చి గంట కూడా కొట్టిపోయినాడంట."

ఆ నవ్వుకు కూడా తోక ఉంది. నేను విన్నాను.

ఆ తరువాత భక్తి క్యాసెట్ల మునిరాజు వచ్చాడు. మా పనిలో ముప్పాతిక భాగం ఆయనదే. నేను పళ్ళెం ఎత్తబోతే ఆవిడ నన్ను పక్కకు తప్పించి తానే ఎత్తింది. మునిరాజు గాయకుల వంక చూసి, నేల వంక చూసి మెల్లిగా అన్నాడు.

"తప్పుగా అనుకోవద్దమ్మా. నాదేం లేదు. పాడేవోళ్ళ మనసుకు ఒక మాదిరిగా ఉంటాది."

"ఇన్నేండ్లూ వాళ్ళ గొంతు పట్టింది ఈ చెయ్యే కదప్పా. అప్పుడు ఏ మాదిరిగా ఉండ్యా?"

మునిరాజు గడగడ వణికి పారిపోయాడని చాలామందికి చెప్పాను. వణకలేదు. కాఫీ తాగి, మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్ళాడు. మళ్ళీ రాలేదంతే. ఆయన వెనకే మిగతావాళ్ళూ. చెడ్డవాళ్ళు కారు. తిట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. అదే కష్టం, తిడితే తిరిగి తిట్టవచ్చు.

'వాటర్ లారీ' అమ్ముడుపోలేదు. అంగళ్ళ నుంచి తిరిగొచ్చిన క్యాసెట్ల మీద కంపెనీవాళ్ళు భజనలు ఎక్కించి, కొత్త అట్టలు వేసి అమ్మేశారు. ఆ గంట మీద, ఆ పిల్లల గొంతు మీద మునిరాజు గాయకులే పాడి ఉంటారు. బ్యాండు చెదిరిపోయింది. పుష్పను చాలా ఏళ్ళకు హోసూరు రోడ్డులో ఒకసారి చూశాను. బొమ్మసంద్ర వైపు పోయే ఫ్యాక్టరీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కమ్మీ మీద వేళ్ళతో వాయిస్తూ ఉంది. పిలిచాననీ, బస్సు ఆగిందనీ కథ కట్టవచ్చు. పిలవలేదు. సిగ్నల్ పడింది, బస్సు వెళ్ళిపోయింది.

స్టూడియో అద్దె కట్టలేక ఖాళీ చేసిన రోజు, "మునిరాజు ముందర ఒకసారి గంట నాకిచ్చి ఉంటే అమ్మా..." అని నసిగాను. "ఇచ్చింటే ఏమయ్యేది? ఇంకా కొన్నేండ్లు అద్దం ఎనక నిలబడుకునుందును," అంది. గొంతులో బాధ లేదని చెప్పను. పశ్చాత్తాపం మాత్రం లేదు.

చివరిసారి ఆవిడను చూసింది ఆవిడ చెల్లెలి ఇంట్లో. అక్కకు ఇప్పుడు బొత్తిగా వినపడటం లేదని చెల్లెలు గుమ్మంలోనే చెప్పింది. అయినా నన్ను చూడగానే ఆవిడ టేప్‌రికార్డర్ వైపు చూపించి, పుష్ప ఇచ్చిన క్యాసెట్ పెట్టమంది. పెట్టాను. గంట మోగింది, పాట నడిచింది, ఆగింది. నాగరత్నమ్మ వేలు పైకెత్తింది. తోక ఎప్పుడు పోయిందో ఆవిడకు వినపడదు. అందుకని నా మొహం చూస్తూ కూర్చుంది. నా కళ్ళల్లో చప్పుడు అయిపోయేదాకా చూసి, అప్పుడు వేలు దించింది. నేను కావాలనే కాస్త ఆలస్యం చేశాను. ఆ ఏడాదే ఆవిడ పోయింది. గంట ఏ ఇత్తడి సామాన్లలో కలిసి పోయిందో తెలియదు.

నిన్న మళ్ళీ మెట్లెక్కి హారికకు ఇదంతా చెప్పాను. ఆ పిల్ల మొహం వాడిపోయింది.

"అంటే మీరు కాదా తాతగారూ? నేను ఆఫీసులో అందరికీ చెప్పేశానే. మా కింద తాతగారు రాక్‌స్టార్ అని."

"కాదమ్మా. మార్చు. గంట నాగరత్నమ్మ. రికార్డింగ్ కూడా నాగరత్నమ్మే. అట్ట మీద ఉన్నది తప్పు."

మార్చింది. నాకు చూపించింది. ఇన్నేళ్ళకు ఆ పేరు ఆ పాట పక్కన చేరింది, చూడవలసిన మనిషి లేకుండా.

"మరి మీ పేరు తీసేయనా?"

"తీసెయ్. మరీ జాలేస్తే, నట్టు ఆంజనప్ప అని రాయి."

నవ్వింది. ఆల్బమ్ మొదటి నుంచి పెట్టమన్నాను, చివరిదాకా కూర్చుని విన్నాం. చివరి పాట ఆగగానే హారిక ఏదో చెప్పబోయింది. నేను వేలు పైకెత్తాను. ఆ పిల్ల నోరు మూసుకుని, తల కొంచెం వంచి, వింటూ ఉండిపోయింది. నా చెవికి అప్పటికే ఏమీ లేదు. తోక ఇంకా ఉందో పోయిందో తెలియక, నేను ఆ పిల్ల మొహం చూస్తూ కూర్చున్నాను.