వకాలత్‌నామా మీద పడని వేలిముద్ర

ఫసలీ 1352 ఖుర్దాద్ మాసంలో, అంటే 1943 ఏప్రిల్‌లో, నేను హనుమకొండలో ఒక వకీలు దగ్గర ముహర్రిర్‌గా చేరాను. ముహర్రిర్ అంటే వకీలు గుమాస్తా. దరఖాస్తులు రాయడం, నకళ్లు తీసుకోవడం, పేషీ తేదీలు చూసుకోవడం, జైలుకూ కచేరీకీ తిరగడం అతని పనులు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. హైదరాబాదులోని ఒక పారిశ్రామిక పాఠశాలలో రెండేళ్లు నక్షాలు గీయడం నేర్చుకున్నాను. భూమి తగాదాలకు పనికొస్తాడని వకీలు సాబు నన్ను పెట్టుకున్నారు. ప్రతి కేసుకూ ఒక పట్టిక రాసుకుని, అయిన పని పక్కన ఎర్ర పెన్సిలుతో గీత పెట్టేవాణ్ని.

రెండో నెలలో మట్టెవాడ నుంచి నర్సవ్వ అనే ఆమె వచ్చింది. ఆమె భర్త సాంబయ్య గుంతమగ్గం మీద ముతక బట్ట నేసేవాడు. డిపోలో నాలుగు కట్టల నూలు దొంగిలించాడని అతన్ని పట్టుకెళ్లి జైల్లో పెట్టారు.

యుద్ధం మూలంగా అప్పుడు నూలు మీద కంట్రోలు ఉండేది. నేతగాళ్లు వారానికోసారి డిపోకు వెళ్లి, కార్డు చూపి, రిజిస్టరులో వేలిముద్ర వేసి నూలు తెచ్చుకునేవాళ్లు. ముద్ర వేస్తే నూలు వస్తుంది. కాగితం గురించి వాళ్లకు తెలిసింది అంతే. ఒక ఉదయం డిపో మనిషి ఒక పోలీసు జవానును వెంటబెట్టుకుని ఇంటికే వచ్చి, ఉర్దూలో రాసిన కాగితం ముందు పెట్టాడు. సాంబయ్య అలవాటుగా వేలు పెట్టాడు. అది పంచనామా. దొంగ నూలు తన ఇంటి అటక మీద దొరికిందని, తానే తీసి ఇచ్చానని అందులో ఉంది.

నకలు తీసుకుని మట్టెవాడ వెళ్లాను. టేపు పెట్టి ఇల్లంతా కొలిచాను. అది ఒకే గది, తాటాకు కప్పు. ఆ ఇంటికి అటకే లేదు. పంచనామాలో రాసింది నలభై నంబరు సన్న నూలు. సాంబయ్య మగ్గానికున్న అచ్చు, అంటే పడుగు పోగులు దూరే దువ్వెనలాంటి చట్రం, ఇరవై నంబరు ముతక నూలుకు మాత్రమే సరిపోతుంది. సన్న నూలు అతనికి ఎందుకూ పనికిరాదు. స్కేలు ప్రకారం నక్షా గీసి వకీలు సాబు ముందు పెడితే, ఆయన చాలాసేపు చూసి, ఇది చాలన్నారు.

పట్టికలో ఎనిమిది అంశాలు రాశాను. పంచనామా నకలు, నక్షా, నేతపని తెలిసిన సాక్షి, నూలు కార్డు మొదలైన ఏడింటికి గీతలు పడ్డాయి. మిగిలింది వకాలత్‌నామా, అంటే ఫలానా వకీలు నా తరఫున మాట్లాడతాడని ముద్దాయి ఇచ్చే కాగితం. జైల్లో ఉన్నవాడైతే చదువొచ్చిన సాక్షి ఎదుట వేలిముద్ర వేయాలి, దాని మీద జైలు ముద్ర పడాలి. పేషీకి మూడు రోజులుంది. ఖైదీని చూసే ములాఖాత్ వారానికి ఒక్కసారే, అనుమతి చిట్టీ మీద ఒక్క పేరే. ఆ పేరు నాది రాయించాను.

నర్సవ్వ జైలు గేటు దాకా నా వెంట నడిచి వచ్చింది.

"నన్ను పంపు బిడ్డా. నేను జెప్తె ఇంటడు. కొత్తోళ్లంటె ఆయనకు బుగులు."

సాక్షి సంతకం చేయగలవాళ్లే లోపలికి వెళ్లాలని ఆమెకు చెప్పాను.

"సంతకం నువ్వు జేత్తవు గని, ఏలు ఆయనది గద" అంది.

నేను లోపలికి వెళ్లిపోయాను.

సాంబయ్య కటకటాల అవతల గొంతుక్కూర్చున్నాడు. నలభై ఐదేళ్లుంటాయి. వేళ్లకు ఇంకా గంజి వాసన పోలేదు. వకీలు పేరు చెప్పి, కాగితం విప్పి, సిరాదిండు తీశాను. అతను చెయ్యి చాపలేదు.

"జర సదివి జెప్పు పంతులూ. మొన్నటిదాన్ని ఎవ్వలు సదవలే."

న్యాయమైన కోరికే. నేను అచ్చులో ఉన్న ప్రతి షరతూ చదివి తెలుగులో అర్థం చెప్పాను. నా తరఫున జవాబు చెప్పడానికి, కాగితాలు దాఖలు చేయడానికి, రాజీ పడడానికి, ఒప్పుకోవడానికి, కేసు విరమించుకోవడానికి వకీలుకు అధికారం ఇస్తున్నాను అని అందులో ఉంది. అది అన్ని కేసులకూ వాడే ఒకే ఫారం. సివిలు దావాలకు పనికొచ్చే మాటలు కూడా అందులోనే ఉంటాయి.

ఒప్పుకునే ముక్క మళ్లీ చదవమన్నాడు. చదివాను.

"అంటె వకీలు ఒప్పుకుంటె నేను ఒప్పుకున్నట్టేనా?"

కాగితం ప్రకారం అంతేనన్నాను. నా జవాబులో తప్పు లేదు. సాంబయ్య బొటనవేలు పిడికిట్లో దాచుకుని, పిడికిలి చంకలో పెట్టుకున్నాడు.

"గా కాయితానికి ఏలు పెట్టి ఈడికొచ్చిన. గీ కాయితానికి పెట్టి యాడికి వోవాలె?"

నక్షా చూపించాను. తన ఇల్లు కాగితం మీదికి ఎక్కిందని మరింత బెదిరిపోయాడు. పావుగంట అయిపోయిందని జవాను వచ్చి లేపాడు.

పేషీనాడు వకీలు సాబు వకాలత్‌నామా లేకుండానే నిలబడ్డారు. ముద్దాయి ఎదుటే ఉన్నాడు కనుక అతన్నే అడగవచ్చని విన్నవించుకున్నారు. మున్సిఫ్ సాబు అందుకు ఒప్పుకుని, ఈ వకీలు నీ వాడేనా అని అడిగించారు.

"నేను ఎవ్వలకు ఏలియ్యలే, దొరా" అన్నాడు సాంబయ్య.

వకీలు సాబు కూర్చున్నారు. నా ఒళ్లో ఉన్న ఫైలు ఒళ్లోనే ఉండిపోయింది. మున్సిఫ్ సాబు పంచనామా చూపించి, ఈ ముద్ర నీదేనా అని అడిగించారు. నాదేనన్నాడు. ఆ రెండు జవాబులూ నిజాలే. ఏడాది కఠిన శిక్ష పడింది.

మరుసటి వారం ములాఖాత్ చిట్టీ నర్సవ్వ పేర రాయించాను. సాక్షిగా జైలు గుమాస్తాను బతిమాలుకున్నాను. నేను గేటు బయటే ఆగాను. ఆమె లోపలికి వెళ్లినంత తొందరగానే ముద్ర పడిన కాగితంతో బయటికొచ్చింది. ఏం చెప్పావని అడిగాను.

"ఏం జెప్పలే. ఈయన మనోడే, పెట్టయ్యా అన్న. పెట్టిండు."

అపీలు వేశాం. కింది కచేరీలో దాఖలు కాని నక్షాను, సాక్షిని ఇప్పుడు చూడలేమని పై కచేరీ కొట్టేసింది. సాంబయ్య ఏడాదీ జైల్లోనే గడిపాడు. బయటికొచ్చాక కార్డు తిరిగి ఇప్పించాం గానీ, డిపోలో వారం వారం ముద్ర వేయాలి. అతను వేయనన్నాడు. నేను ఇంటికెళ్లి రెండుసార్లు అడిగాను. రెండోసారి నన్ను చూడగానే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మగ్గం గుంతను మట్టితో పూడ్చేశారు. అతను స్టేషన్లో మూటలు మోశాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఈ పనిలోనే ఉన్నాను. జైలుకు మొదటిసారి వెళ్లేటప్పుడు కాగితం తీసుకెళ్లేవాణ్ని కాదు. ముద్దాయి ఇంటి మనిషిని ముందు పంపి, కాగితం రెండో ములాఖాత్‌లో తీసేవాణ్ని. అవసరం లేని షరతులు కొట్టేయించి, మిగిలినవి చదివి చెప్పేవాణ్ని. దీనివల్ల ఒక వారం ఆలస్యమయ్యేది. కొన్ని పేషీలు అందలేదు కూడా.

సాంబయ్య కేసు పట్టిక ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఎనిమిది అంశాలు వరుసగా ఉన్నాయి, కొలతల్లో అంగుళం తేడా లేదు. నర్సవ్వను లోపలికి పంపడం అందులో లేదు.