బన్ను మావయ్య బియ్యప్పిండి కాపురం

మా మావయ్యకు బేకరీ ఉంది. వీధి వీధంతా ఆయన్ని బన్ను మావయ్య అనే పిలుస్తుంది, అసలు మేనకోడలిని నేనొక్కదాన్నే అయినా. అత్త ఆయన్ని చేసుకోవడానికి ఒప్పుకున్నది కూడా పొయ్యిలోంచి తీసి చేతిలో పెట్టిన వేడి బన్ను తినే. అలాంటి అత్తకు గోధుమ పడదని డాక్టరు తేల్చేశాడు. అందులో ఉండే గ్లూటెన్ రవ్వంత లోపలికి పోయినా కడుపు మెలిపెట్టేస్తుందట. మావయ్య ఆ మాట విని, తన మీదే ఎవరో కేసు పెట్టినట్టు మొహం పెట్టాడు.

కొన్నాళ్ళు ఆ మొహం వేలాడేసుకునే తిరిగాడు. తర్వాత ఫోనులో వీడియోలు చూసి, వియత్నాంలో, చైనాలో బియ్యంతోనే బోలెడు వంటలు చేస్తారని కనిపెట్టి, నా పెళ్ళానికి వండి పెట్టేది నేనే అని ప్రకటించాడు. అత్తను వంటింట్లోంచి సాగనంపాడు. బియ్యపు నూడుల్స్ నానబెట్టి అల్లం వేసిన కోడి సూపు పోశాడు. గుడ్డు కొట్టి అన్నం వేయించాడు. మామూలు సోయా సాస్‌లో గోధుమ కలుస్తుందని తెలిసి, గోధుమ లేని సీసా దొరికేదాకా దుకాణాలవాళ్ళ ప్రాణాలు తోడేశాడు.

అన్నిటికంటే ఆయనకు గర్వం వియత్నాం రోల్స్. కాగితంలా పల్చటి బియ్యపు రేకును నీళ్ళలో ముంచి, తడిగుడ్డ మీద పరిచి, కీరా, కారట్, పుదీనా, ఉడికించిన రొయ్యలు పెట్టి చుట్టేయడమే. మొదట్లో రేకు ఆయన వేళ్ళనే చుట్టుకునేది, విడదీయడానికి నన్ను కేకేసేవాడు. చెయ్యి తిరిగాక ఇక రోజూ అవే.

అత్త ఇష్టంగా తినేది. తెల్లారేసరికి కడుపు పట్టుకుని కూర్చునేది. మావయ్యకు అనుమానం వచ్చింది. తన వంట మీద కాదు, అత్త మీద. దొంగచాటుగా బన్నులు లాగిస్తోందని ఆమె దిండు కింద వెతికాడు, బీరువాలో బట్టల మధ్య కూడా వెతికాడు. రుచి మరిగిన నోరు ఊరుకోదు, నాకు తెలియదా అన్నాడు.

అత్తకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "ఇంకొక్కసారి నొప్పి వచ్చిందంటే మీ చేతి వంట ముట్టను," అంది.

మావయ్య నవ్వబోయి ఆగిపోయాడు. ఊరందరికీ తిండి పెట్టే మనిషికి, సొంత ఇంట్లో పెడితే తినేవాళ్ళు లేకపోతే ఎలా ఉంటుందో ఆయన మొహంలో కనిపించింది. నాకు జాలేసింది.

ఆ ఆదివారం బేకరీ నుంచి నేరుగా వచ్చి, తన తప్పేమీ లేదని రుజువు చేస్తానంటూ నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు. అత్త గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. మావయ్య మోచేతుల దాకా సబ్బుతో తోముకున్నాడు. కత్తి కడిగాడు, పళ్ళెం కడిగాడు. కారట్ సన్నగా తరిగాడు. తర్వాత రేకులు పరవడానికి, భుజం మీద ఎప్పుడూ ఉండే తువ్వాలు తీశాడు.

"అది బేకరీలో వేసుకునే తువ్వాలు కదా మావయ్యా?" అన్నాను.

"అయితే ఏం? రోజూ ఉతుకుతాను. మచ్చ ఉంటే చూపించు," అంటూ కిటికీ ముందు దాన్ని గట్టిగా దులిపాడు.

ఎండలో తెల్లగా పొగలా లేచింది గోధుమపిండి. కారట్ మీద, పుదీనా మీద, బియ్యపు రేకుల మీద, చివరికి ఆయన మీసాల మీద నెమ్మదిగా వాలింది. అత్త గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి వేసింది. అదే ఆయనకు ఎక్కువ తగిలింది.

"దిండు కింద కాదు," అన్నాడు మావయ్య, "నా భుజం మీద వెతుక్కోవాల్సింది. నిన్ను అనవసరంగా అన్నాను."

అన్నీ పారబోసి, తలారా స్నానం చేసొచ్చి, మళ్ళీ మొదలుపెట్టాడు. అత్త తన బీరువాలోంచి మెత్తటి పాత గుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టింది.

మర్నాడు పొద్దున్నే మావయ్య పనివాళ్ళకు పొయ్యి అప్పగించి ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. అడగడానికి ధైర్యం చాలక గదిలో అటూ ఇటూ తిరిగాడు.

"కడుపులో ఎలాగో ఉంది," అంది అత్త. ఆయన మొహంలో రంగు పోయేదాకా ఆగి, "ఆకలి. నిన్నటి రోల్స్ మిగిలాయా?" అంది.

మావయ్య వంటింటి వైపు ఒక్క ఉరుకు ఉరికాడు. గడప దగ్గర ఆగి, పిండి పట్టిన చొక్కా ఒకసారి చూసుకుని, వెనక్కి తిరిగి స్నానాలగదిలోకి దూరాడు.