ఖాదర్ సార్ తువ్వాలు

నిన్న తనిఖీకని రాజంపేటలో ఒక ఎరువుల గోడౌన్‌లో కాలు పెట్టగానే ఇనుముకు పూసే ఎర్ర రంగు వాసన గుప్పుమంది. కొత్తగా పెంచిన భాగంలో, సగం ఎత్తున, ఇనుప దూలాల మీద పెద్ద అటకలాంటి మెజనైన్ వేశారు. ఆ వాసన తగిలితే చాలు, నా చెయ్యి సంచిలోని తువ్వాలు కోసం వెతుక్కుంటుంది. అది ఖాదర్ సార్ నేర్పిన అలవాటు.

కడపలో సార్‌ది చిన్న ఆఫీసు. ప్లాన్లు గీసి, సంతకం చేసి, అనుమతికి పంపేవారు. ఇంజినీరింగ్ చదివి ఖాళీగా ఉన్న నన్ను మా మేనమామే ఆయన దగ్గర చేర్పించాడు. మామకు మంగంపేటలో ముగ్గురాయి పొడి చేసే మిల్లు ఉంది. ముందు కట్టేసి తర్వాత ప్లాను గీయించుకోవడం మా వైపు పరిపాటి. మామ కూడా పాత గోడౌన్‌కు కొత్త షెడ్డు కలిపి, అందులో మెజనైన్ వేసి, దాని మీద ఆడవాళ్ళ చేత సంచులు కుట్టిస్తూ, ఇప్పుడు గీయమన్నాడు. మెజనైన్ తానున్న గదిలో మూడోవంతు దాటితే నిబంధన దాన్ని అటకగా చూడదు, పూర్తి అంతస్తుగా లెక్కగడుతుంది. మెట్లూ దారులూ అందుకు తగ్గట్టు ఉండాలి. మామది కొత్త షెడ్డులో సగానికి పైనే ఉంది. నేను అతితెలివితో, మధ్యలో గోడ ఉన్నా సరే, పాత గోడౌన్‌ను కూడా లెక్కలో కలిపేసి మూడోవంతు లోపలికి తెచ్చాను. ఆ ప్లాను చూసుకొని మురిసిపోయాను కూడా.

సార్ ఆ ప్లాను చూసి, మడిచి పక్కన పెట్టారు. మరునాడు నన్ను మంగంపేటకు తీసుకుపోయి, మెజనైన్ కొసదాకా నడిపించి, భుజం మీది తువ్వాలు చేతికిచ్చారు.

"కళ్ళకు కట్టుకోని దిగు పాపా. పొగ కమ్మితే ఇట్లనే ఉంటాది."

ఉన్నది ఒకే మెట్ల వరుస, అదీ రెండో కొసన. పది అడుగులైనా వేయకముందే సంచుల కట్ట తగిలి తూలాను. గోడ పట్టుకొని ఎంత నడిచినా మెట్లు రాలేదు. గోడ వదిలి ఇటు తిరిగేసరికి ఒక గరుకు చెయ్యి నా మణికట్టు పట్టి ఆపింది. తువ్వాలు తీస్తే, సంచులు కుట్టే నాగమ్మక్క. కమ్మీలు లేని అంచుకు ఒక్క అడుగు దూరంలో ఉన్నాను.

"గోడ అవతల ఎంత జాగా ఉంటే ఈమెకేమి?" అన్నారు సార్. "గోడలోంచి దిగిపోతాదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రమే మామ దగ్గరికి వెళ్ళి, మూడోవంతు ఉంచి మిగతాది కోయించాలనీ, మెట్లు లేని కొసన కూడా మెట్లు పెట్టించాలనీ చెప్పాను. ఆయన మండిపడ్డాడు. నేరుగా సార్ దగ్గరికి పోయి, పని వేరేవాళ్ళకు ఇస్తానన్నాడు.

"గీసింది ఆ పాపే, తప్పని చెప్పింది ఆ పాపే," అన్నారు సార్. "ప్లాను యాడన్నా గీయించుకో అప్పా. ఇట్లాంటి మేనకోడలు మాత్రం యాడా దొరకదు."

మామ ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. కానీ ఇనుము కోయించాడు, కమ్మీలు పెట్టించాడు, రెండో మెట్లు కట్టించాడు. దిద్దిన ప్లాను మీద సార్ తన సంతకం కంటే ముందు నా పేరు రాయించారు. ఉద్యోగంలో ఎన్ని మెట్లెక్కినా అంత గర్వం మళ్ళీ కలగలేదు. సార్ ఇప్పుడు లేరు. మామ మాత్రం మిల్లుకు వచ్చినవాళ్ళనల్లా పైకి తీసుకుపోయి, మా పాప గీసిందని చెప్పి, కళ్ళు మూసుకొని దిగమంటాడట.

నిన్న నేను తువ్వాలు కట్టుకొని కమ్మీ పట్టుకొని దిగుతుంటే గోడౌన్ యజమాని నవ్వాడు. కింది మెట్టు మీద ముడి విప్పి, తువ్వాలు ఆయన చేతికిచ్చాను.