స్త్రీల సమాజం హాజరైన ఇంటర్వ్యూ

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెడితే పాఠకులు వెంటనే కిరోసిన్ దీపాన్నీ ఎడ్లబండినీ ఊహించుకుంటారు. నేను చెప్పే రోజుల్లో మా పామర్రు చుట్టుపక్కల చేపల చెరువు గట్టు మీద కూడా ఫోన్ సిగ్నల్ వచ్చేది. మా ఇంట్లో మాత్రం వచ్చేది కాదు. ఇంటర్వ్యూలన్నీ అప్పుడప్పుడే ల్యాప్‌టాప్ తెరలోకి దూరిపోతున్నాయి. అంత దగ్గరి కాలాన్ని పట్టుకుని ‘ఆ రోజుల్లో’ అనడం కొంచెం ఎక్కువే. కానీ మనం మాట్లాడుతుంటే వినేవాళ్ళు ఎక్కడున్నారో, ఆ చోటు వదిలి వచ్చేశాక నిన్నటి సంగతి కూడా ఆ రోజుల్లోకే వెళ్ళిపోతుందని ఈ మధ్య తెలుస్తోంది.

అప్పటికి నేను వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, ఇంట్లో ఖాళీగా ఉండటం మీద పరిశోధన చేస్తున్నాను. చేయాలనుకున్న పరిశోధన వేరే ఉంది. డెల్టా చివర, సముద్రానికి దగ్గరగా ఉన్న పొలాల్లోకి ఉప్పునీరు ఎక్కి వరి మాడిపోతుంటే, మా అమ్మమ్మగారి ఊళ్ళో పాతరకం వరి ఒకటి మాత్రం ఏమీ జరగనట్టు నిలబడి ఉండేది. దాని వేళ్ళు ఉప్పును ఎలా బయటే ఆపుతున్నాయో తెలుసుకోవాలని నా కోరిక. (ఆ వయసు కుర్రాళ్ళకు ఉండాల్సిన కోరికలు వేరే ఉంటాయని మా మేనమామ అభిప్రాయం.) పీహెచ్‌డీ సీటు ఒకచోట దొరికేలా ఉంది. అది పూర్తయ్యేదాకా తిండి ఎవరు పెడతారన్నదే తేలలేదు. సైన్సులో పీహెచ్‌డీ చేసే మైనారిటీ విద్యార్థులకు ఒక ట్రస్టువాళ్ళు ఫెలోషిప్ ఇస్తారని తెలిసి దరఖాస్తు పెడితే, ఇంటర్వ్యూకి రమ్మన్నారు. మా మేనమామకు రొయ్యల మేత షాపు ఉంది, మాట కూడా షాపువాళ్ళ మాటలాగే సూటిగా ఉంటుంది. “అదొస్తే వెళ్ళు. రాకపోతే షాపులో కూర్చో. ఎటూ ఉప్పునీళ్ళేగదరా, వరికన్నా రొయ్య నయం” అన్నాడు.

బెజవాడ గుణదలలో, మేరీమాత కొండకు వెళ్ళే దారి పక్క వీధిలో ఒక మేడమ్ ఉండేవారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. క్రైస్తవులైనా ముస్లింలైనా సరే, ఇంట్లో మొదటిసారి ఎమ్మెస్సీ దాకా వచ్చిన మాలాంటివాళ్ళను శనివారాలు తన వరండాలో కూర్చోబెట్టి ఇలాంటి ఇంటర్వ్యూలకు తయారుచేసేవారు. ఫీజు లేదు. చిక్కుడుకాయలు ఒలవాలి. వయసులో ఉండగా ఆవిడకూ పీహెచ్‌డీ సీటు వచ్చిందట, స్టైపెండ్ రాలేదట. ఆ సంగతి ఒక్కసారే, చిక్కుడుకాయ ఈనె తీస్తూ, ఎవరో పక్కింటివాళ్ళ విషయంలా చెప్పారు. మేమూ మళ్ళీ అడగలేదు.

వారంవారం నేను గుణదల వెళ్తున్నానంటే మా నాయనమ్మకు గుబులు. ఆ కొండ కేథలిక్కులది, మాది వేరే చర్చి. మేరీమాత కొండ ఎక్కడం మావాళ్ళ అలవాట్లలో లేదు. “వాడు చదువుకెళ్తన్నాడో, కొండెక్కుతున్నాడో కాస్త కనిపెట్టండి అయ్యగారూ” అని మా పాస్టరుగారికి మొరపెట్టుకుంది. ఆయన బాగా ఆలోచించి, ఇంటర్వ్యూ అయ్యేలోపు చర్చి మారేంత తీరిక కుర్రాడికి ఉండదని ధైర్యం చెప్పారట.

మేడమ్ దగ్గర మొదటిరోజే నా జబ్బు బయటపడింది. నలుగురిలో మాట్లాడటం నేను నేర్చుకున్నది కాలేజీలో కాదు, చర్చిలో. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పినవాణ్ణి. సాక్ష్యానికి ఒక నడక ఉంటుంది. ముందు మన పుట్టుక, తర్వాత మన అజ్ఞానం, ఆపైన ఒక పెద్ద కష్టం, అందులోంచి బయటపడటం, చివర అందరికీ వందనాలు. వాక్యం మొదట్లో గొంతు లేస్తుంది, చివర్లో మెల్లగా దిగుతుంది. దిగినచోట చాపల మీద కూర్చున్న స్త్రీల సమాజంవాళ్ళు “స్తోత్రం” అంటారు. ఆ మాట చెవిన పడితే ఇక మనకు ఎదురులేదు. పరిశోధన గురించి చెప్పమని మేడమ్ అడగ్గానే నేను లేచి నిలబడి, కృష్ణాజిల్లాలో ఒక పేద కుటుంబంలో జన్మించిన నేను, అని ఎత్తుకున్నాను.

“ఆగు,” అన్నారావిడ. “నువ్వు పుట్టావని నాకు తెలిసిపోయింది. వరి సంగతి చెప్పు.”

ఆ తర్వాత శనివారాలన్నీ ఆ ‘ఆగు’తోనే గడిచాయి. నాతోపాటు వచ్చే వన్‌టౌన్ అమ్మాయిది (భౌతికశాస్త్రం, నాలుగిళ్ళ అవతలికి వినబడని గొంతు అనబోయి ఆగాను, నాలుగడుగుల అవతలికే వినబడేది కాదు) సరిగ్గా ఎదురు జబ్బు. ప్రశ్న పూర్తయ్యేలోపే జవాబు చెప్పేసి తలవంచుకునేది. ఆమె మిగిల్చిన సమయమంతా నేను వాడుకునేవాణ్ణి. మేడమ్ ఆమెను “ఇంకా?” అనీ, నన్ను “చాలు” అనీ దిద్దుకుంటూ వచ్చారు. నాకు అన్నిటికన్నా కష్టమైంది ‘తెలియదు’ అనడం. అడిగినదానికి జవాబు తట్టకపోతే గొంతు ఇంకొంచెం పెంచి కష్టాల్లోకి వెళ్ళిపోయేవాణ్ణి.

“తెలియదని చెప్పవేం?” అని అడిగారు ఒకరోజు.

“సాక్ష్యం అలా ఆపేస్తే బాగోదండీ” అన్నాను.

“ఇది సాక్ష్యం కాదు నాయనా. తెలియదు అను. ఎలా తెలుసుకుంటావో చెప్పు. మన సబ్జెక్టు మొత్తం అంతే.”

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. మా ఊళ్ళో నమ్మదగిన ఇంటర్నెట్ ఉన్నది మా చర్చిలోనే. ఆదివారం ఆరాధన ఫోన్లలో చూసేవాళ్ళ కోసం కేబుల్ వేయించారు, కరెంటు పోతే ఇన్వర్టరు కూడా ఉంది. అయ్యగారు సంతోషంగా హాలు ఇచ్చారు. ఇచ్చి ఊరుకోకుండా ఆ సంగతి ఆదివారం ప్రార్థన మనవుల్లో చదివారు. దాంతో సమయానికి నేను వెళ్ళేసరికి స్త్రీల సమాజం చాపలు పరుచుకుని సిద్ధంగా ఉంది, ముందు వరసలో నాయనమ్మ. గదిలో వేరేవాళ్ళెవరూ ఉండకూడదని ట్రస్టువాళ్ళు గట్టిగా చెప్పారని నాయనమ్మకు బతిమాలి చెప్పాను.

“మేం వేరేవాళ్ళమా?” అంది. “నీ పని నువ్వు చూసుకో. కళ్ళు మూసుకుని, నోరు మూసుకుని ప్రార్థన చేసుకుంటాం. మేమున్నట్టే తెలవదు.”

తెర మీద ముగ్గురు ప్రత్యక్షమయ్యారు. ఎక్కడో పెద్ద ఊళ్ళో ఎవరి గదిలో వాళ్ళున్నారు. మధ్యలో అధ్యక్షురాలు, ఒక పక్క నవ్వుముఖం ఆయన, ఇంకో పక్క నవ్వని ఆయన. అంతా ఇంగ్లీషే. నేను పుట్టుక వదిలేసి నేరుగా వరిలోకి దిగాను. మేడమ్ ఉంటే మెచ్చుకునేవారు. అయితే పుట్టుక వదిలింది కానీ రాగం వదల్లేదు. ఉప్పులోని సోడియం వేరు దాకా వస్తుందనీ, పైకి ఎక్కాలని చూస్తుందనీ, ఈ పాతరకం మాత్రం దాన్ని గుమ్మంలోనే ఆపేస్తుందనీ చెబుతుంటే గొంతు దానంతటదే లేచి, దానంతటదే దిగింది. స్త్రీల సమాజానికి ఇంగ్లీషు రాదు. రాగం మాత్రం వచ్చు.

“స్తోత్రం” అన్నారు, అందరూ కలిసి.

అధ్యక్షురాలు చెవిలో ఇయర్‌ఫోన్ సర్దుకున్నారు. నవ్వని ఆయన ముందుకు వంగి, గదిలో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. అబద్ధమాడదామంటే ఉన్నది చర్చిలో. ఉన్నారన్నాను. కెమెరా తిప్పి చూపించమన్నాడు. తిప్పాను. తలల మీద కొంగులు కప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, సమాజం మొత్తం చెప్పిన మాట ప్రకారం లేనట్టే కూర్చుని ఉంది. నాయనమ్మ ఒక కన్ను తెరిచి, తెరలో మనుషులు కనబడేసరికి మర్యాదకు పోయి “వందనాలండీ” అంది. అధ్యక్షురాలు తెలియకుండానే చేతులు జోడించారు. నవ్వని ఆయన జోడించలేదు. వీళ్ళు నీకు సాయం చేస్తున్నారా అని అడిగాడు. నా ఫెలోషిప్ లేచి తలుపు దాకా వెళ్ళడం నాకు స్పష్టంగా కనిపించింది. ఊహ తెలిసినప్పటి నుంచీ చేస్తూనే ఉన్నారండీ, సోడియం విషయంలో మాత్రం కాదు అన్నాను. ఆ శబ్దం ఏమిటన్నాడు. మా ఊళ్ళో వినేవాళ్ళు వింటున్నామని చెప్పే పద్ధతి అన్నాను.

వాళ్ళను బయటికి పంపి కొనసాగించమన్నారు. పంపాను. నాయనమ్మ గుమ్మం దాటుతూ, తప్పు చేసిన చిన్నపిల్లలా, “పాడుచేశామా అబ్బాయ్?” అంది. లేదన్నాను. ఎండలో గోడవారగా నిలబడ్డారు.

హాలు ఖాళీ అయింది. అంత నిశ్శబ్దంలో నేను అంతకుముందెప్పుడూ మాట్లాడలేదు. నవ్వని ఆయన వెంటనే అడిగాడు. సోడియాన్ని అంత గట్టిగా ఆపే వేరు, మొక్కకు కావలసిన పొటాషియాన్ని కూడా ఆపేయదా, ఈ రకంలో ఏం జరుగుతోంది అని. నాకు తెలియదు. గొంతు లేవబోయింది. లేస్తే అందుకునేవాళ్ళు లేరు. గుణదల వరండాలో మాట ఒక్కటే గుర్తొచ్చింది.

“ఐ డోంట్ నో సర్” అన్నాను. ఆపైన ఎలా తెలుసుకోవచ్చో, ఏ కుండీలో ఎంత ఉప్పు కలిపి దేన్ని దేనితో పోల్చి చూడాలో, రాగం లేకుండా చెప్పాను. నవ్వని ఆయన ఏదో రాసుకున్నాడు. స్తోత్రం లేదు, ఆమెన్ లేదు. తెర ఆరిపోయింది.

మేడమ్‌కు చెబితే, నవ్వు ఆపుకోలేక చిక్కుళ్ళ గిన్నె కింద పెట్టేశారు. కళ్ళు తుడుచుకుని ఒక్కటే అడిగారు.

“తెలియదు అన్నావా?”

“అన్నానండీ.”

“ఎన్నిసార్లు?”

“ఒక్కసారే.”

“ఇంకోసారి అనాల్సింది” అన్నారు. ఫెలోషిప్ వచ్చింది. వన్‌టౌన్ అమ్మాయికీ వచ్చింది. మేనమామ షాపులో నా కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. నాయనమ్మ మాత్రం తాము బయట నిలబడి ప్రార్థించిన భాగమే పనిచేసిందని ఇప్పటికీ అందరికీ చెబుతుంది. ఆలోచిస్తే ఆమె లెక్కలో తప్పేమీ కనబడదు.

నేను వేరే రాష్ట్రంలో ల్యాబుకు వెళ్ళాను. పొటాషియం సంగతి తేలేసరికి నాలుగు కార్ల వరి పంట కోతకొచ్చింది. తేలిందని చెప్పడానికి మేడమ్ లేరు. ఆ ముందు వేసవిలోనే పోయారు. ఆ వరండాకు ఇప్పుడు గ్రిల్ బిగించారట. నేను చూడలేదు. ఈ మధ్య బెజవాడ వెళ్ళినప్పుడు ఆటో గుణదల సెంటరు దాటుతుంటే, అటు కాకుండా ఫోన్ వైపు చూశాను.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను, సెమినార్లలో మాట్లాడుతున్నాను. అక్కడ వినేవాళ్ళు చాలా మర్యాదస్తులు. మాట్లాడేటప్పుడు మధ్యలో ఒక్క మాట అనరు. చివర్లో చప్పట్లు కొడతారు, కాఫీకి వెళ్తారు. మొన్న ఒక విద్యార్థి వచ్చి, “సార్, ముఖ్యమైన మాట చెప్పాక మీరు ఒక్క క్షణం ఆగుతారు చూడండి, ఆ టెక్నిక్ బాగుంటుంది సార్, ఎక్కడ నేర్చుకున్నారు?” అని అడిగాడు. అలా ఆగుతున్నానని అప్పటిదాకా నాకే తెలియదు. తెలిశాక చూసుకుంటే నిజమే, వాక్యం దిగినచోట నోరు మూసుకుని, చాపల వైపు నుంచి మాట వస్తుందేమోనని చెవి అటు పెడుతున్నాను. ప్రొజెక్టరు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ రాదు. అప్పుడు గొంతు సవరించుకుని తర్వాతి స్లయిడుకు వెళ్ళిపోతాను. ఆ కుర్రాడికి మాత్రం, అది టెక్నిక్కేనని చెప్పాను.