కేబుల్ పీకేసిన మీటరు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ ఉందని గట్టిగా చెప్పలేను. ముప్పై ఏళ్లుగా ఎల్బీనగర్‌లో కార్ల షెడ్డు నడుపుతున్న మెకానిక్‌ని. బండి దానంతటదే ఆగిందని, హారన్ దానంతటదే మోగిందని ఎవరైనా బెదిరిపోతూ వస్తే బోనెట్ ఎత్తి, తెగిన వైరు చూపించి, నవ్వి పంపేవాణ్ణి. అలాంటి నేను ఈ సంగతి చెప్పాలంటే ముందుగా నేను చేసిన సిగ్గుమాలిన పని ఒకటి చెప్పాలి. అది దాచేసి ఇది చెబితే సగం అబద్ధమే అవుతుంది.

సైదాబాద్‌లో సత్యంగారని రిటైరైన ఇంజనీరు ఉండేవారు. భీమవరం వైపు మనిషి. ఆయన దగ్గర ఎర్రటి విదేశీ స్పోర్ట్స్ కారు ఉండేది. రెండే సీట్లు. నేలను రాసుకుంటూ పోతుందేమో అన్నంత పొట్టిది. కొని ఇరవై ఏళ్లయినా మీటరు ముప్పై వేల కిలోమీటర్లు దాటలేదు. ఆదివారం పొద్దున భార్యను పక్కన కూర్చోబెట్టుకుని నాదర్‌గుల్ దాకా వెళ్లడం, అక్కడ శిక్షణ విమానాలు దిగుతుంటే చూడడం, ఇంటికి రావడం. అంతే దాని తిరుగుడు. ఆమె పోయాక ఆయన ఒక్కరే వెళ్లి వచ్చేవారు.

పదేళ్లు దానికి సర్వీసింగు చేసింది నేనే. వెళ్లినప్పుడల్లా కాఫీ ఇవ్వకుండా నన్ను పంపేవారు కాదు. సీట్ల తోలు మీద ఒక్క గీత లేదు, ఇంజన్ గదిలో చెయ్యి పెట్టినా మసి అంటేది కాదు. ఎన్నో కార్లు నా చేతుల మీదుగా పోయాయి గానీ కన్ను పడింది దీని మీదే. రెండుసార్లు నాకిచ్చేయమని అడిగాను. "అది మా ఆవిడది బాబూ" అని నవ్వేశారు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. మాది నల్గొండ జిల్లా. నేనూ ఉద్యమంలో ఉన్నాను. రోడ్డు మీద వంటావార్పులో కూర్చున్నాను, షెడ్డు మూసి మరీ దిల్‌సుఖ్‌నగర్ ర్యాలీలకు పోయాను. నంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపి టీజీ అని రాసుకునేవాళ్లం. మా షెడ్డులోనే ఎంతమందికో నేను ఊరికే రాసిచ్చాను. అడగనివాళ్ల బండిని ముట్టుకున్నవాడు మా వాడలో ఒక్కడూ లేడు.

ఒకరోజు సత్యంగారు షెడ్డుకు వచ్చారు. "యాదగిరీ, మా బండికేమన్నా ఇబ్బంది ఉంటుందంటావా?" అని అడిగారు.

ఏం కాదు సార్ అనాలి. నిజం అదే. కానీ నా నోటి నుంచి వచ్చింది వేరు. "ఏమో సార్, పరిస్థితి మంచిగ లేదు. గిసొంటి బండి అందరి కండ్లల్ల పడ్తది. నాకే ఇచ్చేయుండ్రి, నా తాన భద్రంగ ఉంటది."

ఆలోచిస్తానని వెళ్లారు. అంతటితో ఆగినా బాగుండేది. రెండు రోజుల తర్వాత, బంద్ నాడు మధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేని, సత్యంగారు కునుకు తీసే సమయం చూసి ఆయన గేటు తీసుకుని లోపలికి వెళ్లాను. స్క్రూడ్రైవర్‌తో ప్లేటు మీది ఏపీ అక్షరాలు గీకేశాను. వాటి చోట ఏమీ రాయలేదు. చూస్తే బెదిరింపులా ఉండాలని. నలుగురూ నిజాయితీగా చేస్తున్న ఉద్యమాన్ని నా దొంగబుద్ధికి ముసుగు చేసుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మర్నాడే ఆయన బండి తీసుకొచ్చి రెండు తాళాలూ నా చేతిలో పెట్టారు. కాగితాలు, డబ్బు సంగతి గొడవలు చల్లారాక చూసుకుందామన్నారు. నా ముఖం వైపు సరిగా చూడలేదు. పాపం భయపడ్డారనుకున్నాను. పైకి విచారంగా ముఖం పెట్టాను గానీ లోపల ఎగిరి గంతేసినంత పని చేశాను.

బండిని షెడ్డు వెనక గదిలో పెట్టి షట్టరు దించాను. ఇప్పట్లో బయటికి తీసేది లేదని బ్యాటరీ కూడా తీసేశాను. సోమవారం దుమ్ము తుడుద్దామని వెళ్లి మీటరు చూస్తే, గదిలో పెట్టిననాడు చూసినదానికంటే ఇరవై ఆరు కిలోమీటర్లు ఎక్కువుంది. నేనే తప్పు చదివాననుకుని, ఈసారి రీడింగు గోడ మీద సుద్దతో రాశాను. పై సోమవారానికి మళ్లీ ఇరవై ఆరు పెరిగింది.

మెకానిక్ బుర్ర కదా, ఊరుకోలేదు. గేరుబాక్సు దగ్గర మీటరు కేబుల్ పీకేశాను. కేబుల్ లేకపోతే చక్రాలు తిరిగినా అంకెలు కదలవు. టైర్ల చుట్టూ నేల మీద సుద్దగీతలు గీశాను. తాళాలు నా జేబులోనే ఉన్నాయి. మూడో వారమూ ఇరవై ఆరే. సుద్దగీతలు గీసినవి గీసినట్టే ఉన్నాయి.

స్కూటర్ మీద వెళ్లి దూరం కొలిచాను. మా షెడ్డు నుంచి నాదర్‌గుల్ వెళ్లి వస్తే పద్దెనిమిదే. సత్యంగారి గేటు నుంచి వెళ్లి వస్తే సరిగ్గా ఇరవై ఆరు.

నాలుగో ఆదివారం నా భార్య పద్మను తోడు తెచ్చుకున్నాను. లోపల పాత రీడింగు ఇద్దరం చూసి, షట్టరుకు తాళం వేసి, పొద్దున ఆరింటి నుంచి దాని ముందే కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఆ రోజు కూడా బంద్. చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. లోపలి నుంచి ఏ చప్పుడూ రాలేదు. పదింటికి షట్టరు ఎత్తాను. మీటరు ఇరవై ఆరు పెరిగింది. బోనెట్ మీద చెయ్యి వేసిన పద్మ చటుక్కున వెనక్కి తీసుకుంది. కాలుతోంది. లోపల బ్యాటరీయే లేదు.

పద్మ బండి వైపు కాదు, నా వైపు చూసింది. "ఏం చేసినవ్? నిజం చెప్పు" అంది. చెప్పాను.

"జెండా పట్టుకొని తిరిగేటోడివి, గిదేం పని? పోయి బండి ఇచ్చి, తప్పయిందని చెప్పిరా" అంది. 

సాయంత్రం కేబుల్, బ్యాటరీ బిగించి, కొత్త ప్లేటు మీద పాత నంబరే నా చేత్తో రాసి సైదాబాద్ తీసుకెళ్లాను. దారంతా ఒప్పుకోవాలనే అనుకున్నాను. గేటు తీసిన ఆయన ముఖం చూడగానే ధైర్యం చాల్లేదు. "సార్, ఇప్పుడంత మంచిగనే ఉంది. ఎవరేమంటలేరు. మీ బండి మీరే పెట్టుకోండ్రి" అన్నాను.

ఆయన కొత్త ప్లేటు వంక కాసేపు చూశారు. "ఆ బంద్ నాడు మధ్యాహ్నం నేను పడుకోలేదు యాదగిరీ. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను" అన్నారు. గొంతులో కోపం కూడా లేదు. "ఉద్యమం కుర్రాళ్లంటే నాకెప్పుడూ భయం లేదయ్యా. మా ఇంట్లో పదేళ్లు కాఫీ తాగినవాడు అలా గీకుతుంటే భయమేసింది. అందుకే ఇచ్చేశాను."

తాళాలు గేటు గోడ మీద పెట్టి ఎల్బీనగర్ దాకా నడిచి వచ్చాను. మీటరు సంగతి ఆయనకు చెప్పనేలేదు. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

ఆ తర్వాత సర్వీసింగుకు ఆయన నన్ను పిలవలేదు. కొన్నేళ్లకు ఆయన పోయారని తెలిసింది. కేబుల్ లేని మీటరు ఎలా తిరుగుతుందో తెలిసిన మెకానిక్‌లందరినీ అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు, నాకూ అంతుపట్టలేదు. తప్పయింది సార్ అని ఆయనతో ఎందుకు అనలేకపోయానో మాత్రం నేను ఎవర్నీ అడగక్కర్లేదు.