క్రేన్ గదిలో నీళ్ల సీసా

అందరూ అతన్ని ‘పైవాడు’ అంటారు. కడుతున్న భవనం నెత్తిన వేలాడే క్రేన్ గదిలో పదకొండేళ్లుగా అతనిదే సీటు. కాళ్లు చాపితే అద్దానికి తగిలేంత గది అది. నిచ్చెన ఎక్కడానికి ఇరవై నిమిషాలు, దిగడానికి ఇరవై నిమిషాలు. అందుకే ఒకసారి ఎక్కాడంటే సాయంత్రం దాకా దిగడు.

ఈ మధ్య తీరని దాహం పట్టుకుంది. తాగితే ఒంటికి పోవడానికి దిగాలి, దిగితే ఎందుకని అడుగుతారు. నాలుక పిడచకట్టుకుపోతున్నా గుక్కెడు తాగి సీసా మూత బిగించేసేవాడు. కింద కొక్కేనికి ఇనుప కట్టలు తగిలించే బావమరిది వైర్‌లెస్‌లో ఎకసెక్కమాడాడు.

“బెల్టుకి కొత్త బెజ్జాలు పొడుస్తున్నావేంటి బావా? మా అక్క వండటం మానేసిందా?”

ఏటా కంపెనీ వైద్యపరీక్ష ఉంటుంది. షుగర్ అని తేలితే సీటు పోతుందని అతని గుబులు. నిరుడు ఒక ఉపాయం పన్నాడు. వారం ముందు నుంచి తీపి ముట్టకుండా, తిండి సగం చేసుకుని, పరగడుపున వెళ్లి రక్తమిచ్చి గట్టెక్కాడు. ఈసారీ అదే చేశాడు. నూట పద్దెనిమిది వచ్చింది. నూట ఇరవై ఆరుకు చేరితేనే షుగర్ అని విన్నాడు కాబట్టి ఊపిరి పీల్చుకున్నాడు.

డాక్టరమ్మ చూపు మాత్రం అతని బెల్టు బెజ్జాల మీద ఆగింది. దాహమేస్తోందా అని అడిగింది. లేదన్నాడు. ఇంకో పరీక్షకు రక్తం తీయించింది. మర్నాడు పిలిచి చీటీ ముందు పెట్టింది. ఎనిమిదిన్నర.

“ఇది మూడు నెలల సగటు. మీరు కడుపు మాడ్చుకున్న వారం ఇందులో ఏ మూలకి సరిపోతుంది? ఆరున్నరకు చేరితే షుగరే. రెండు పరీక్షలకీ పొత్తు కుదరలేదు కాబట్టి సోమవారం ఇదే మళ్లీ చేస్తాను.”

“నా సీటండీ?”

అది తేలాక, కళ్లు కూడా చూశాక మాట్లాడదామంది.

సోమవారానికి నాలుగు రోజులుంది. నాలుగు రోజుల్లో మూడు నెలల్ని ఎలా మాడ్చాలో అతనికి తోచలేదు.

సోమవారం రక్తమిచ్చి వచ్చి క్రేన్ ఎక్కాడు. మధ్యాహ్నానికి గొంతు ఎండి మాట రాలేదు. కొక్కేనికున్న కట్టను నెమ్మదిగా నేలమీద దించాడు. సీసా మూత తీసి, అడుగు కనబడేదాకా గటగటా తాగాడు. కాసేపటికి వైర్‌లెస్ నొక్కాడు.

“దిగుతున్నా.”

“ఏమైంది బావా?”

“ఒంటికి. రోజూ ఇదే గోల. మూడు నెలల్నించీ.”

బావమరిది నిచ్చెన మొదటికి వచ్చి నిలబడటం పైనుంచి కనబడింది.

“మెల్లిగా దిగు బావా. ఇక్కడే ఉంటా.”

తలుపు తీసి నిచ్చెన మీద కాలు పెట్టాక ఒకసారి వెనక్కి చూశాడు. సీటు మీద అతను కూర్చున్న చోట పడిన గుంట అలాగే ఉంది.