తిరగని ఫొటో

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. కరెంటు పోతే ఫ్యూజు చూడాలి, తలుపు చప్పుడైతే గడియ చూడాలి, అంతే. ఇప్పుడు చెప్పబోయేది తలుచుకున్నా నాకు భయం వేయదు. రోత పుడుతుంది.

చిక్కడపల్లిలో ఒక చిన్న స్టూడియోలో మోషన్ గ్రాఫిక్స్ చేస్తాను. పెళ్లి పిలుపులు, చోటా లీడర్ల పుట్టినరోజు వీడియోలు, అన్నిటికంటే ఎక్కువగా అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల ప్రకటనలు. ఉద్యోగ ఫలితాలు రాగానే వాళ్లందరికీ ఒకటే పిచ్చి. మధ్యలో డైరెక్టర్ ఫొటో ఉండాలి, ఎంపికైన వాళ్ల ఫొటోలు ఆయన చుట్టూ గుండ్రంగా తిరగాలి.

ఈసారి ఫలితాలు వచ్చాక ఒక మధ్యాహ్నం వచ్చిన డైరెక్టర్ దగ్గర పదకొండు ఫొటోలే ఉన్నాయి. ఆయనకు పన్నెండు కావాలి. పదకొండైనా వలయం చక్కగానే కుదురుతుందని చెప్పాను. వినలేదు. సంచిలోని పాత అడ్మిషన్ ఫారాల కట్టలోంచి ఒక ఫొటో పీకి నా టేబుల్ మీద పడేశాడు.

"డజన్ ఉండాలె తమ్మీ. పేరెయ్యకు, ఏదో ఒక హాల్‌టికెట్ నంబరెయ్యి. ఎవడు చూడొచ్చిండు?"

అది పచ్చి మోసమని నాకు తెలుసు. నాకేం పోయిందిలే అనుకుని స్కాన్ చేశాను.

పని ఎలా జరుగుతుందో కాస్త చెప్పాలి. ఒక్కో ఫొటో ఒక్కో లేయర్, అంటే ఒక్కో పొర. వాటిని చేత్తో సర్దుతూ కూర్చోం. ఒక చిన్న సూత్రం రాసి అన్నిటికీ అతికిస్తాం. ప్రతి లేయరూ తన వరుస నంబరు చూసుకుని, పక్కదానికి ముప్పై డిగ్రీల ఎడంలో సర్దుకుంటుంది. తర్వాత ఒక్క అంకె మారిస్తే పన్నెండూ కలిసి తిరుగుతాయి.

పదకొండు తిరిగాయి. ఆ ఫారం ఫొటో ఉన్నచోటే ఉంది. మిగతావన్నీ దాని మీదుగా జరిగిపోతున్నాయి.

సూత్రం మళ్లీ అతికించాను, అయినా కదల్లేదు. ఆ లేయర్‌లో వేరే ఫొటో పెడితే తిరిగింది. ఈ ఫొటోను వేరే లేయర్‌లో పెడితే అక్కడా ఆగిపోయింది. సిస్టం ఆపి మళ్లీ వేశాను, కొత్త ఫైల్లో మొదటి నుంచి చేశాను. నారాయణగూడలో ఇదే పని చేసే స్నేహితుడికి పంపితే, అతని సిస్టంలోనూ ఆగింది. ఇన్నేళ్లలో ఇలాంటిది చూడలేదన్నాడు.

సాయంత్రానికి వీడియో ఇవ్వాలి. డైరెక్టర్ ఫోన్ మీద ఫోన్. చిరాకెత్తి ఆ ఒక్క లేయర్‌కూ పెట్టిన సూత్రం పీకేసి, చేత్తో తిప్పాను. కాస్త జరపడం, ఆ చోటు గుర్తు పెట్టడం, మళ్లీ కాస్త జరపడం. గంటన్నర పట్టింది. అశోక్‌నగర్‌లో వాళ్ల బిల్డింగ్ ముందు పెద్ద తెర మీద ఆ వీడియో ఆడింది.

నాలుగో రోజు ఒక పెద్దమనిషి స్టూడియోకు వచ్చాడు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి దోమలగూడలో ఉంటున్న తాపీ మేస్త్రీ. ఆ ఫొటోలో ఉన్నది ఆయన కొడుకు. పరీక్ష రాశాక కామెర్లు వచ్చి చనిపోయాడు. ఏడు నెలలైంది. కలిసి చదువుకున్నవాళ్లు తెర మీద చూసి ఇంటికి ఫోన్ చేశారట. కొలువు వచ్చిందని తెలియకుండానే బిడ్డ పోయాడని తల్లి మూడు రోజులుగా అన్నం ముట్టడం లేదట. కోచింగ్ సెంటర్‌కు వెళ్లి అడిగితే, తప్పంతా వీడియో చేసినవాళ్లదని చెప్పి ఇటు పంపారు.

కూర్చోమన్నా ఆయన కూర్చోలేదు. జేబులోంచి కొడుకు హాల్‌టికెట్ తీశాడు.

"నిజం జెప్పుండ్రి సార్. మావోనికి కొలువొచ్చిందా?"

ఆ నంబరు కోసం ఫోన్‌లో ఫలితాల జాబితా అంతా వెతికాను. లేదు. రాలేదని చెప్పాను. పన్నెండు ఫొటోల లెక్క కోసం పెట్టామనీ, అబద్ధమని తెలిసే పెట్టాననీ కూడా చెప్పాను. తిట్టి ఉంటే బాగుండేది. తల ఊపి, తన కళ్ల ముందే తీసేయమన్నాడు.

ఆ కంగారులో పాత ఫైలు తెరిచాను, చేత్తో తిప్పకముందు సేవ్ చేసింది. ఫొటోలు తిరగసాగాయి. వాళ్లబ్బాయి ఫొటో కదలదని నేను ఆయనకు చెప్పలేదు. ఆయన తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు.

"అందరు తిరుగుతున్నరు. మావోడొక్కడే నిలవడ్డడు," అన్నాడు.

లేయర్ తీసేశాను. ఆయన హాల్‌టికెట్ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు, ఇంట్లో ఆమెకు ఈ మాట చెప్పడానికి.

పదకొండు ఫొటోలతో వీడియో పంపితే, డైరెక్టర్ ఇంకో పాత ఫారం ఫొటో పంపాడు. సిగ్గులేని మనిషి. నేను చేయనన్నాను. వేరే ఎవరో చేసిచ్చారు. మొన్న అటు వెళ్తూ చూశాను. పన్నెండూ చక్కగా తిరుగుతున్నాయి.

అంటే అబద్ధం కాబట్టి ఆ ఫొటో ఆగిందనుకోవడానికి లేదు. ఆ ఒక్క ఫొటో ఎందుకు తిరగలేదో ఎంతమందిని అడిగినా తెలియలేదు. దాన్ని చేత్తో తిప్పింది మాత్రం నేనే.